కంపెనీ స్టీరియో కదపకుండా కార్లో మంచి సౌండ్: ఖర్చు డోరు దగ్గర మొదలుపెట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. సౌండ్ సిస్టమ్ కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, డిక్కీలో ఊఫర్ పెట్టాలి, ఎంతవుద్ది?" నా లెక్కలో ఊఫర్ ఆఖరి ఖర్చు. మొదటి ఖర్చు డోరు రేకు మీద పెట్టాలి. ఆ తర్వాత ముందు డోర్ల స్పీకర్లు, ఆపైన ఆంప్లిఫైయర్. స్టీరియోని మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.

ఒకప్పుడు స్టీరియో మార్చడం పెద్ద పనేమీ కాదు. నాలుగు స్క్రూలు విప్పి పాతది లాగేసి, కొత్తది తోసేస్తే అయిపోయేది. ఇప్పుడు వెనక కెమెరా, పార్కింగ్ సెన్సర్ల బొమ్మ, స్టీరింగ్ బటన్లు, ఫోన్ కాల్స్, బండి సెట్టింగులు అన్నీ ఆ స్క్రీన్‌తోనే ముడిపడి ఉన్నాయి. మా చెల్లెలి బాలెనోనే చూడండి. 2022లో వచ్చిన మోడల్. 9 అంగుళాల స్క్రీన్, 360 డిగ్రీల కెమెరా. ఆ స్క్రీన్ పీకి ఇంకోటి పెడితే కెమెరా పనిచేయడానికి ఒక డబ్బా, స్టీరింగ్ బటన్లకు ఇంకో డబ్బా కొనాలి. అవన్నీ కొన్నాక కూడా కంపెనీది పనిచేసినంత సాఫీగా పనిచేస్తుందన్న భరోసా ఉండదు. ఆమె రోజూ గుంటూరు నుంచి విజయవాడకు హైవే మీద వచ్చి వెళ్తుంది. ఆమె అడిగింది చిన్న కోరిక: "అన్నయ్యా, ఎనభైలో వెళ్తున్నా పాటలో మాటలు అర్థం కావాలి. డిక్కీలో సూట్‌కేసు పట్టాలి." ఆ బండికి చేసిన పనినే ఇక్కడ వరసగా చెబుతాను. మీ బండి వేరేదైనా పద్ధతి చాలావరకు ఇదే.

ముందే ఒక మినహాయింపు చెప్పాలి. మీ కారులో కంపెనీవాళ్లే బోస్, సోనీ లాంటి పేరుతో సిస్టమ్ ఇచ్చి, ఆంప్లిఫైయర్ విడిగా ఎక్కడో సీటు కిందో డిక్కీలోనో ఉంటే ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. అక్కడ ఒక్కో స్పీకర్‌కి కోసి, విడగొట్టిన సిగ్నల్ వెళ్తుంటుంది. స్పీకర్ల ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ ఇచ్చే నిరోధం) కూడా మామూలు 4 కాకుండా తక్కువగా ఉండొచ్చు. బజారులో 4 ఓమ్‌ల స్పీకర్ కొని అక్కడ పెడితే ఉన్న సౌండ్ కాస్తా తగ్గుతుంది. అలాంటి బండిని కొలిచే పరికరాలున్న ట్యూనర్ దగ్గరికే తీసుకెళ్లండి.

స్టీరియో సత్తా ఎంతో ముందు కొలవండి

ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో ఉండేది 14 వోల్టుల చుట్టుపక్కల. స్టీరియో లోపలి చిప్‌కి దొరికేదీ అంతే. ఆ వోల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి లెక్క ప్రకారం ఎంత పిండినా పాతిక వాట్లు దాటదు. గరగర లేకుండా వచ్చేది 15 నుంచి 20. మరి డబ్బా మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటుందేమిటంటే, అది సౌండ్ పూర్తిగా చీలిపోయిన స్థితిలో క్షణకాలం వచ్చే అంకె. కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ (నిలకడగా వచ్చే పవర్) అని రాసిన అంకె ఒక్కటే చూడండి. అది రాయని సరుకు పక్కన పెట్టేయండి.

పవర్ తక్కువన్న మాటే గానీ చాలా కంపెనీ స్టీరియోల సిగ్నల్ శుభ్రంగానే ఉంటుంది. వాటితో తంటా ఇంకోచోట ఉంది. వాల్యూమ్ పెంచేకొద్దీ కొన్ని స్టీరియోలు బేస్‌ని వాటంతట అవే తగ్గించేస్తాయి. లోపలున్న చవక స్పీకర్లు చిరిగిపోకుండా కంపెనీ తీసుకునే జాగ్రత్త అది. దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. ఒక పెన్‌డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ టోను, 400 హెర్ట్జ్ టోను, రెండూ ఒకే లెవల్లో రికార్డయినవి వేసుకోండి. 1000 హెర్ట్జ్ ఎందుకు కాదంటే చవక మీటర్లు 400 దాటాక ఏసీ వోల్టేజీ సరిగ్గా చూపించవు.

మొదట స్టీరియోలో ఈక్వలైజర్ సున్నాకి తెచ్చి, సరౌండ్ లాంటి హంగులన్నీ ఆపండి. వేగం బట్టి వాల్యూమ్ పెరిగే సెట్టింగ్ ఉంటే అదీ ఆపండి. మీటర్ ముళ్లు ఒకే స్పీకర్ తాలూకు రెండు వైర్ల మీద పెట్టాలి. ఒక ముల్లు బాడీకి పెట్టకూడదు. ఎందుకంటే ఈ స్టీరియోల్లో స్పీకర్ మైనస్ వైరు ఎర్త్ కాదు. ప్లస్, మైనస్ రెండింటిలోనూ ఆరేడు వోల్టుల డీసీ ఉంటుంది. ఆ మైనస్‌ని పొరపాటున బాడీకి తగిలిస్తే స్టీరియో చిప్ పోయే ప్రమాదం ఉంది. వాల్యూమ్ కొంచెం కొంచెం పెంచుతూ రెండు టోన్లకీ రీడింగ్ రాసుకోండి. ఒక్కో టోను రెండు మూడు సెకన్లు చాలు, స్పీకర్‌ని ఏడిపించొద్దు. రెండు రీడింగులూ కలిసి పెరుగుతుంటే హాయి. 400 పెరుగుతూ 50 ఒకచోట ఆగిపోతే మీ స్టీరియో బేస్ కోస్తోందన్నమాట. ఎక్కడ ఆగిందో ఆ వాల్యూమ్ అంకె గుర్తుపెట్టుకోండి, ఆంప్లిఫైయర్ గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే మీట) పెట్టేటప్పుడు కావాలి. మరీ ముందే కోసేస్తుంటే మాత్రం డీఎస్పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా సరిదిద్దే డబ్బా) గానీ, పోయిన బేస్‌ని తిరిగి నిలబెట్టే సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ (స్పీకర్ వైర్ల సిగ్నల్‌ని ఆంప్లిఫైయర్‌కి తగ్గట్టు మార్చేది) గానీ ఖర్చులో కలుపుకోవాల్సిందే. మా చెల్లెలు వినే వాల్యూమ్‌కి ఆ అవసరం రాలేదు.

డోరు

ఈ భాగం తీరిగ్గా చదవండి. పది వేల స్పీకర్ కూడా రెండు వేల స్పీకర్‌లా వినిపించేది ఇక్కడే.

స్పీకర్ కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిసిపోతే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో స్పీకర్‌కి చెక్క డబ్బా ఉండేది అవి కలవకుండా ఆపడానికే. కార్లో ఆ డబ్బా పని చేయాల్సింది డోరు. డోరు ప్యాడ్ విప్పి చూస్తే తెలుస్తుంది, లోపలి రేకు నిండా పెద్ద పెద్ద కంతలు, వాటి మీద ఒక పలచని ప్లాస్టిక్ షీటు. బయటి రేకు వేలితో కొడితే పళ్లెంలా మోగుతుంది. స్పీకర్ కొట్టే ప్రతి దెబ్బకీ ఆ రేకు కూడా తన పాట తాను పాడుతుంది.

ప్యాడ్ విప్పేముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. టెర్మినల్ తీయకముందే అద్దం పూర్తిగా పైకి ఎత్తి ఉంచండి. హ్యాండిల్ వెనక, చేయి పట్టుకునే గుంటలో మూతల కింద స్క్రూలుంటాయి. అవి తీశాక కింది మూల నుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయండి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గీతలు పడతాయి, క్లిప్పులు విరుగుతాయి. ఎలాగూ రెండు మూడు విరుగుతాయి కాబట్టి ఆ మోడల్ క్లిప్పులు కొన్ని ముందే తెచ్చుకోండి. ప్యాడ్ చేతికి రాగానే లాగేయొద్దు. పవర్ విండో కప్లర్, లాక్ కేబుల్ ఇంకా పట్టుకునే ఉంటాయి.

రేకు మోగకుండా అంటించే డ్యాంపింగ్ షీటు బ్యూటైల్ రబ్బరుదే కొనండి. తారు షీటు సగం ధరకే వస్తుంది గానీ, మే నెలలో బెజవాడ ఎండలో నిలబెట్టిన కారు లోపల అది మెత్తబడి జారుతుంది, కారంతా తారు వాసన. రేకుని థిన్నర్ గుడ్డతో తుడిచి, షీటు అంటించి, చిన్న రోలర్‌తో గట్టిగా నొక్కాలి. బయటి రేకు మొత్తం కప్పాల్సిన పనిలేదు. నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు, అదీ రేకు మధ్యలో, స్పీకర్ వెనక భాగంలో అంటిస్తే మోత చచ్చిపోతుంది. డబ్బంతా అక్కడే పొయ్యకుండా మిగతా షీటుతో లోపలి రేకు కంతలు మూయండి. పెద్ద కంతలకు షీటు ఒక్కటే ఆగదు. పలచని అల్యూమినియం రేకో, ప్లాస్టిక్ పలకో కోసి పెట్టి దాని మీద షీటు వేయాలి.

మూయకూడనివి రెండున్నాయి. డోరు అడుగున వాన నీళ్లు పోయే కంతలు మొదటివి. అవి మూస్తే తొలకరికే డోరు తొట్టెవుతుంది, రెండేళ్లలో అడుగు తుప్పు పడుతుంది. రెండోది, కొన్ని బళ్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ కోసం డోరులో ప్రెజర్ సెన్సర్ ఉంటుంది. డోరులో వైరు వెళ్లే చిన్న నల్ల డబ్బా ఏదైనా కనిపిస్తే దాని జోలికి పోవద్దు. అలాంటి డోరులో కంతలు మూయడం కూడా సర్వీస్ సెంటర్లో అడగకుండా చేయొద్దు.

ముందు రెండు డోర్లకు ఈ పని చేసి, కంపెనీ స్పీకర్లే మళ్లీ బిగించి ఒకసారి వినండి. డోరు మూసేటప్పుడు "డబ్" అనే శబ్దమే మారిపోయి ఉంటుంది. మృదంగం ఎడమ పక్క గుమ్మని పలకడం మొదలవుతుంది. కొందరు ఇక్కడే సంతృప్తిపడి ఆగిపోతారు. అలా ఆగినవాళ్ల దగ్గర మిగతా సామాను అమ్ముకోలేక పోయాననే బాధ నాకు లేదు.

స్పీకర్లు

ముందు డోర్లకు ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ సెట్, అంటే మిడ్ స్పీకర్ విడిగా, సన్నని ధ్వనులు పలికే ట్వీటర్ విడిగా ఉండేది తీసుకోండి. వెనక డోర్ల స్పీకర్లు మార్చకండి. వెనక కూర్చున్నవాళ్లకు పాట వినబడితే చాలు. ఉన్న స్పీకర్లు స్టీరియో పవర్‌తో అలాగే నడవనివ్వండి. ఆ డబ్బు ముందు జతలో కలిపితే ఫలితం రెట్టింపు ఉంటుంది. "నాలుగు డోర్లకూ ఒకే స్పీకర్లు" అని షాపులవాళ్లు చెప్పే ప్యాకేజీ చూడ్డానికి నిండుగా ఉంటుంది, అంతే.

కొనేముందు స్పీకర్ లోతు చూడాలి. అద్దం కిందికి దించినప్పుడు స్పీకర్ వెనకున్న అయస్కాంతానికి తగలకూడదు. అద్దం పూర్తిగా దించి, కంత అంచు నుంచి అద్దం దాకా స్కేలుతో కొలవండి. చాలకపోతే రింగు వేసి స్పీకర్‌ని ముందుకు తేవచ్చు. ఆ రింగు ఎండీఎఫ్‌తో (చెక్కపొడి పలకతో) చేయించొద్దు. రెండు వానాకాలాలకు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. గట్టి ప్లాస్టిక్‌దో యాక్రిలిక్‌దో మేలు. రింగుకీ రేకుకీ మధ్య, స్పీకర్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఫోమ్ పట్టీ వేయడం మర్చిపోవద్దు. లేకపోతే శబ్దం ప్యాడ్ లోపలే తిరిగి, మీ చెవికి చేరదు.

మీకు ఆంప్లిఫైయర్ పెట్టే ఆలోచన ఇప్పట్లో లేకపోతే సెన్సిటివిటీ అంకె (ఒకే పవర్‌కి ఎంత సౌండ్ వస్తుందో డెసిబెల్స్‌లో చెప్పేది) ఎక్కువున్న సెట్ ఎంచుకోండి. 3 డెసిబెల్స్ తేడా అంటే సగం పవర్‌తోనే అంతే సౌండ్. 91, 92 ఉన్నవి స్టీరియో మీదే బాగా పలుకుతాయి. 87 ఉన్న ఖరీదైన సెట్ ఆంప్లిఫైయర్ లేకపోతే నిద్రపోతుంది.

ట్వీటర్లు కంపెనీ ట్వీటర్లు ఉన్న స్థానంలోనే పెట్టండి. అద్దం పక్కనున్న పిల్లర్ ప్లాస్టిక్‌లో కంత పెట్టి అక్కడ బిగిస్తే బాగుంటుందని కొందరు చెబుతారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో ఆ పిల్లర్ ముట్టుకోకూడదు. బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆ ప్లాస్టిక్ ఎలా కదలాలో కంపెనీ చూసి పెట్టింది, మనం దాన్ని మార్చకూడదు.

ఏ వైరు ప్లస్సో అనుమానం ఉంటే స్టీరియో కప్లర్ ఊడదీసి, స్పీకర్ వైర్లకు పెన్‌టార్చ్ సెల్ ఒకటి క్షణం తాకించండి. కోన్ బయటికి ఎగిరితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. రెండు డోర్లలో ఒకటి తిరగబడితే గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు, బేస్ మాయమైపోతుంది.

వైరు కోయకుండా సిగ్నల్ తీయడం

ఈ పనిలో టెన్షన్ పడేది వారంటీ గురించే. కంపెనీ వైరు కోసి, టేపు చుట్టి అతుకు వేస్తే రేపు ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా సర్వీస్ సెంటర్ ఆ టేపునే చూపిస్తుంది. అందుకే మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ కొనండి. ఒక పక్క స్టీరియోకి, ఇంకో పక్క కంపెనీ వైరింగ్‌కి ప్లగ్ అవుతుంది. మధ్యలో నుంచి ముందు స్పీకర్ల సిగ్నల్ ఆంప్లిఫైయర్‌కి వెళ్తుంది, ఆంప్లిఫైయర్ నుంచి వచ్చే పవర్ మళ్లీ అదే దారిలో డోర్లకు వెళ్తుంది. రేపు తీసేయాలనుకుంటే ప్లగ్ ఊడదీసి పాతది పెట్టడమే.

బయట అమ్మే హార్నెస్‌లలో రంగులు దాదాపు అందరూ ఒకే పద్ధతిలో వాడతారు. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. కంపెనీ వైరింగ్ రంగులు మాత్రం బండిని బట్టి మారతాయి, వాటిని నమ్మొద్దు, మీటర్‌తో చూసుకోండి.

ఆంప్లిఫైయర్ కొనేటప్పుడు హై లెవల్ ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. ఉంటే స్పీకర్ వైర్ల సిగ్నల్‌ని నేరుగా తీసుకుంటుంది, విడిగా కన్వర్టర్ అక్కర్లేదు. స్టీరియో ఆన్ కాగానే ఆ వైర్లలో వచ్చే డీసీ చూసి తానే ఆన్ అయ్యే రకాలు కూడా ఉన్నాయి. నేను మాత్రం ఆంప్లిఫైయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుని ఫ్యూజు బాక్సులో తాళం తిప్పితే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి, ఫ్యూజు ట్యాప్‌తో తీస్తాను. బండి ఆపి వెళ్లాక ఆంప్లిఫైయర్ మేలుకునే ఉందేమో, బ్యాటరీ దిగిపోతుందేమో అనే అనుమానం ఉండదు. స్పీకర్ కనపడకపోతే మ్యూట్ అయిపోయే స్టీరియోలు కొన్ని ఉంటాయి. అలాంటప్పుడు స్పీకర్ ఉన్నట్టే స్టీరియోకి కనపడేలా ఆ వైర్ల మధ్య లోడ్ రెసిస్టర్ పెట్టాలి. కొన్ని ఆంప్లిఫైయర్లలో, కన్వర్టర్లలో అది లోపలే ఉంటుంది.

ఆంప్లిఫైయర్, కరెంటు వైరు

బాలెనోకి 4 ఛానెళ్ల క్లాస్-డి ఆంప్లిఫైయర్ వేశాను. ఒక్కో ఛానెల్ 60 వాట్లు ఆర్‌ఎంఎస్. రెండు ఛానెళ్లు ముందు డోర్లకు, మిగతా రెండూ బ్రిడ్జి చేసి (ఒకటిగా కలిపి) సబ్ ఊఫర్‌కి, అది దాదాపు 180 వాట్లు. పెట్టింది పక్క సీటు కింద. అక్కడ పెట్టేముందు సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి చూడాలి, వెనక కాళ్లకు ఏసీ గాలి వచ్చే గొట్టం ఉంటే దానికి అడ్డం రాకూడదు.

లెక్క చూడండి. 60, 60, 180 కలిపి 300 వాట్లు. క్లాస్-డి కాబట్టి నూటికి ఎనభై పాళ్లు పనికొస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 375 వాట్లు కావాలి. 13.5 వోల్టుల దగ్గర అది సుమారు 28 ఆంపియర్లు, అదీ పూర్తిగా అరిచినప్పుడు. మామూలు పాటకి అందులో మూడో వంతు కూడా లాగదు. బ్యాటరీ, ఆల్టర్నేటర్ మార్చాలని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. ఈ పవర్‌కి 8 గేజ్ రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి.

వైరు దగ్గర మోసం ఎక్కువ. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైరు చూడటానికి ఒకేలా ఉంటుంది, ధర సగం. ఒక తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అసలు రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఇక్కడ ఆటోనగర్‌లో కొన్నా ఈ పరీక్ష చేశాకే డబ్బులివ్వండి.

ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఇందులో బేరం లేదు. ఆంప్లిఫైయర్ మీద ఫ్యూజు ఉంది కదా అంటారు. అది ఆంప్లిఫైయర్ కోసం. ఇంజన్ దగ్గర వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మొత్తం బ్యాటరీ కరెంటు ఆ వైరులోంచే పోతుంది. కారు తగలబడకుండా ఆపేది ఆ మొదటి ఫ్యూజు ఒక్కటే. వైరు ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చే చోట రేకు అంచు కోయకుండా రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. బయట భాగమంతా స్లీవ్ తొడగండి.

ఎర్త్‌కి సీటు బోల్టు వాడటం సులువుగా కనిపిస్తుంది గానీ, నేను దాన్ని వదులు చేయను, కదపను. దగ్గర్లో రేకు మీద పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక, రింగు టెర్మినల్ వేసి బోల్టుతో బిగిస్తాను. పైన కాస్త గ్రీజు పూస్తే తుప్పు పట్టదు. రంధ్రం వేయాల్సివస్తే కారు కిందికి వంగి చూడండి, పెట్రోలు గొట్టమో బ్రేకు పైపో అదే చోట ఉండొచ్చు. ఎర్త్ వైరు అర మీటరు దాటొద్దు. పవర్ వైరు ఒక పక్క నుంచి, సిగ్నల్ వైర్లు ఇంకో పక్క నుంచి తీసుకెళ్లండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో "కుయ్" మని రాగం తీస్తుంటే పదింట ఎనిమిదిసార్లు తప్పు ఎర్త్‌లోనే ఉంటుంది.

ఊఫర్ చివరిగా

డోర్లు బాగుపడ్డాక 80 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ముందు స్పీకర్లే చూసుకుంటాయి. కిందిది మాత్రమే ఊఫర్ పని. అందుకని పెద్దది అక్కర్లేదు. 10 అంగుళాల ఒక్క డ్రైవర్, 20 లీటర్ల చుట్టూ ఉండే మూసిన డబ్బా, డిక్కీలో ఒక మూల. సూట్‌కేసు పట్టింది. రంధ్రం ఉన్న డబ్బా ఎక్కువ మోగుతుంది గానీ చోటూ ఎక్కువ తింటుంది, డప్పు దెబ్బలో బిగువు కూడా తగ్గుతుంది. డప్పు కొడితే చర్మం చప్పుడు వినిపించాలి, తర్వాత గుమ్ అని ఈడ్చుకుపోకూడదు. డిక్కీలో అసలు చోటు వద్దనుకుంటే సీటు కింద పట్టే 8 అంగుళాల ఆంప్లిఫైయర్ కలిసిన రకాలున్నాయి.

బ్రిడ్జి చేసినప్పుడు ఊఫర్ తప్పకుండా 4 ఓమ్‌లదే ఉండాలి. 4 ఓమ్‌ల కాయిల్స్ రెండున్న రకాన్ని పక్కపక్కన (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే 2 ఓమ్‌లవుతుంది. ఒక్కో ఛానెల్‌కి అది 1 ఓమ్‌లా కనపడి, ఆంప్లిఫైయర్ ఎర్రలైటు వేసుకుని కూర్చుంటుంది.

గెయిన్ పెట్టడం

గెయిన్ అంటే వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేవాళ్లే ఎక్కువ. స్పీకర్లు కాలేది అక్కడే. పద్ధతి ఇది. ఆంప్లిఫైయర్ నుంచి స్పీకర్ వైర్లు ఊడదీయండి. స్టీరియో వాల్యూమ్ మూడొంతుల దగ్గర, లేదా మీరు ముందు రాసుకున్న బేస్ ఆగిన అంకెకి కాస్త కింద పెట్టండి. డోర్ల ఛానెల్‌కి 400 హెర్ట్జ్ టోను, ఊఫర్‌కి 50. మీటర్ ఏసీలో పెట్టి, గెయిన్ నెమ్మదిగా తిప్పుతూ లక్ష్యం దగ్గర ఆపండి. లక్ష్యం ఎంతంటే, వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం. 60 వాట్లకు 4 ఓమ్‌ల మీద 15.5 వోల్టులు, 180 వాట్లకు 26.8. మీ స్పీకర్ తట్టుకునే ఆర్‌ఎంఎస్ అంతకన్నా తక్కువైతే ఆ అంకెతోనే లెక్క వేయండి. వైర్లు మళ్లీ పెట్టాక డోర్లకు హైపాస్ 80 (ఆ పైవే పంపుతుంది), ఊఫర్‌కి లోపాస్ 80 (ఆ కిందివే పంపుతుంది). బేస్ బూస్ట్ అని రాసిన మీట సున్నాలో ఉంచి మర్చిపోండి.

ఊఫర్ గెయిన్‌ని ఆ తర్వాత చెవితో కిందికి తెచ్చుకోవచ్చు, పైకి మాత్రం వద్దు. ఊఫర్ ప్లస్ మైనస్ తిరగేసి, ఎలా పెడితే ముందు నుంచి బేస్ నిండుగా వస్తుందో అలా ఉంచేయండి. డ్రైవర్ కుడి స్పీకర్‌కి దగ్గర కాబట్టి బ్యాలెన్స్ ఒకటి రెండు గీతలు ఎడమకి జరిపితే గొంతు డ్యాష్‌బోర్డు మధ్యకి వస్తుంది. వినడానికి వాట్సాప్‌లో వచ్చిన పాట వాడొద్దు. బాగా రికార్డయిన ఆడగొంతు ఒకటి, వీణో మృదంగమో ఉన్న కచేరీ ఒకటి, సన్నాయి డోలు ఉన్నది ఒకటి చాలు.

ఇప్పుడు పాటలు ఆపి ఇంకో పరీక్ష చేయండి. రివర్స్ గేర్ వేయండి. పార్కింగ్ బీప్ కూడా అవే స్పీకర్లలోంచి వచ్చే బండైతే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. దాని వాల్యూమ్ స్టీరియో సెట్టింగుల్లో విడిగా ఉంటుంది, తగ్గించండి. మ్యాప్ చెప్పే గొంతూ అంతే. ఎవరికైనా ఫోన్ చేసి, అవతలివాళ్లకు వాళ్ల మాటే తిరిగి వినిపిస్తోందేమో అడగండి. అలా ఉంటే కాల్ వాల్యూమ్ తగ్గించాలి.

బాలెనోకి ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా తేలింది: డోర్ల షీట్లు 4 వేలు, కాంపొనెంట్ సెట్ 9 వేలు, ఆంప్లిఫైయర్ 10 వేలు, వైర్లు, ఫ్యూజు, హార్నెస్ 4,500, ఊఫర్ డబ్బాతో కలిపి 8 వేలు. ఒకేసారి పెట్టక్కర్లేదు. ఈ వరసలోనే ఎక్కడైనా ఆగి, మళ్లీ జీతం వచ్చాక కొనసాగించొచ్చు.

వారం తిరిగాక ఎర్త్ బోల్టు, ఫ్యూజు హోల్డర్ స్క్రూలు ఒకసారి బిగించి, చేత్తో తాకి వేడెక్కుతున్నాయేమో చూడండి. గ్లోవ్ బాక్సులో అదే ఆంపియర్ ఫ్యూజు ఒకటి స్పేర్‌గా ఉంచండి. తీసిన కంపెనీ స్పీకర్లు, క్లిప్పులు, స్క్రూలు ఒక అట్టపెట్టెలో వేసి, మీద ఏ డోరుదో రాసి అటక మీద పెట్టండి. బండి అమ్మే రోజున అవి తిరిగి బిగించి, మీ సామాను మీరు తీసుకుపోవచ్చు.